ఖాళీ ఉంది, చోటు లేదు

రాత్రి మూడూ పదికి ఫోను.
డులూత్ రేవులో ఓడల వరస చూసే ప్రోగ్రాము
నలభై మెగాబైట్లు అడిగి, లేవనిపించుకుని
నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

లేకపోవడమేమిటి?
లెక్క చూశాను. మూడువందల పన్నెండు ఖాళీ.
కళ్ళు నులుముకుని చూశాను. అంతే ఖాళీ.

పెళ్ళి బంతిలో చూసుంటారు
ఇక్కడొక ఆకు, అక్కడొక ఆకు, స్తంభం పక్కనొకటి
మొత్తం ఇరవై చోట్లు ఖాళీయే.
పక్కపక్కన కూర్చుంటామని వచ్చిన ఆరుగురు మాత్రం
గుమ్మం దగ్గరే.
"కొంచెం జరగండమ్మా" అనే పెద్దమనిషి
ఈ ప్రోగ్రాములో లేడు.
ఒకసారి కూర్చున్న బైటు కదలదు.
తన చిరునామా ఎవరెవరు రాసుకున్నారో
దానికే తెలీదు.

హీప్ అంటారు దీన్ని.
కుప్ప, అని చెప్పానొకసారి ఆర్విడ్ కోస్కికి.
వాళ్ళ అమ్మమ్మ ఫిన్నిష్‌లో కుప్పి అంటే కప్పట.
కూలిపోవడానికి మాకు ముందే మాటుంది,
కుప్పకూలడం, అంటే
డెబ్భై ఏళ్ళాయన టోపీ తీసి మరీ నవ్వాడు.
ఈ ప్రోగ్రాము ఆయనదే.
పోయిన మార్చిలో మొదటి ఓడతో పాటు లేపింది
మళ్ళీ నడుం వాల్చలేదు.

రెండు గంటలు వెతికాను.
వెళ్ళిపోయిన ప్రతి ఓడ వెనకా ఒక చీటీ
నలభై బైట్లు.
పేరు, టైము, కొమ్ము ఎన్నిసార్లు ఊదిందీ.
ఓడ పెద్ద చోటు తీసుకుంటుంది
పోయేటప్పుడు మర్యాదగా ఇచ్చేస్తుంది
చీటీ మాత్రం సరిగ్గా మధ్యలో,
బస్సు సీటు మీద రుమాలు వేసినట్టు.
మనిషి ఎప్పుడో దిగిపోయాడు.
తొమ్మిదివందల నాలుగు రుమాళ్ళు.

ఎందుకండీ ఈ లెక్క, అన్నాను ఫోన్లో.
అవతల గోడగడియారం వినబడింది కాసేపు.
"మా ఆవిడ అడిగేది, సాయంత్రం.
ఇవాళ ఎన్ని ఊదాయని."
తర్వాత గొంతు సవరించుకుని
"ఆపేసి మళ్ళీ లేపు. ఇంకేం చేస్తావు" అన్నాడు.

తెల్లారుతోంది.
సుపీరియర్ సరస్సు మీద మంచు
పలకలు పలకలుగా విరిగి
మధ్య మధ్య నల్లటి నీళ్ళు.
ఎన్ని నీళ్ళో! ఓడకి దారే లేదు.
దూరంగా ఇనప ఖనిజం కోసం వచ్చిందొకటి
దీపాలార్పకుండా ఆగి ఉంది.
మంచు కొట్టే పడవ ఇంకా రేవు వదల్లేదు.
ఇదే అదను.

ముందు చీటీలన్నీ ఒక ఫైల్లోకి ఎత్తాను.
ఒకటి రెండుసార్లు లెక్కబెట్టాను, అక్కర్లేకపోయినా.
అప్పుడు ఆపాను.
పంతొమ్మిది సెకన్లు
డులూత్‌కి ఏ ఓడా గుర్తులేదు.

లేచింది.
అడిగిన నలభై ఇచ్చింది, ఏం జరగనట్టు.

ఇంటికొస్తే ఫ్రిజ్ మీద హిమజ రాత:
"శనివారం అగేట్ రాళ్ళు ఏరడానికి. మొత్తం శనివారం."
మొత్తం కింద రెండు గీతలు.

క్యాలెండరు తెరిచాను.
ఖాళీకేం తక్కువ?
పళ్ళ డాక్టరుకీ కారు ఆయిలుకీ మధ్య ఇరవై నిమిషాలు
ఆయిలుకీ తమ్ముడి ఫోనుకీ మధ్య ముప్పావు గంట
కలిపితే తొమ్మిది గంటలు.
ఎనిమిదేళ్ళ పిల్లకి
ఈ కూడిక ఎలా చూపించను?

కూర్చుని, చలికోటు విప్పకుండానే
ఒక్కో రుమాలూ తీస్తున్నాను.
డాక్టరు వచ్చే వారానికి పోయాడు.
ఆయిలు ఆగుతుంది. తమ్ముడు అలుగుతాడు, అలగనీ.
ఒక్కటే చేతికి రావట్లేదు
నాలుగింటికి, ఆర్విడ్, కాఫీ.

ఆయనకి రాళ్ళు తెలుసేమో
అడగాలి.